పాతకాలపు చేతితయారీ క్లాసికల్ గిటార్

ఒక నిర్మాత తన సొంత కార్యశాలలో, ఎక్కువగా చేతి పనిముట్లతోనే, స్పానిష్ సంప్రదాయాన్ని అనుసరించి రూపొందించిన ఆరు తంత్రుల గిటార్‌కు కొన్ని దశాబ్దాల వయసు వచ్చాక దానిని వాద్యకారులూ వర్తకులూ వింటేజ్ క్లాసికల్ గిటార్ అంటారు. ఇన్నేళ్లు నిండితేనే ఆ పేరు చెల్లుతుందన్న నియమం ఎక్కడా లేదు గాని, 1850ల నాటి ఆంటోనియో దె టోర్రెస్ గిటార్లు మొదలుకొని 1970ల దాకా స్పెయిన్, జర్మనీ, ఫ్రాన్స్, ఇంగ్లండ్, జపాన్ దేశాల్లో పేరున్న నిర్మాతలు చేసిన వాద్యాలను ఈ కోవలో చేర్చడం పరిపాటి. అంతకు ముందటి చిన్న గిటార్లను రొమాంటిక్ గిటార్లని వేరుచేసి చూస్తారు. వీటిని కోరేవారు రెండు తెగలు: వాద్యకారుడు నాదాన్నీ చేతికి అనువునూ చూస్తాడు, సేకర్త నిర్మాత పేరునూ మార్పుచేర్పులకు లోనుకాని స్థితినీ చూస్తాడు. ఒకే వాద్యం ఇద్దరినీ తృప్తిపరచడం అరుదు, అలాంటిది దొరికినప్పుడు దాని వెల సామాన్యులకు అందదు.

నిర్మాణం

బొబ్బిలిలోనూ నూజివీడులోనూ పనస మాను తొలిచి చేసే ఏకాండి వీణకు భిన్నంగా, గిటార్‌ను పలచగా చీల్చిన పలకలను వంచి, అతికించి కడతారు. పై పలక దేవదారు కుటుంబానికి చెందిన స్ప్రూస్ కర్రతో, వెనక పలకా పక్క పలకలూ సాధారణంగా రోజ్‌వుడ్‌తో, మెడ తేలికైన అమెరికా సీడర్‌తో, మెడ మీద మెట్లు దిగేసే పలక నల్లని కరుంగాలి జాతి కర్రతో ఉంటాయి. ఫ్లమెంకో వాద్యకారుల కోసం చేసిన గిటార్లలో రోజ్‌వుడ్‌కు బదులు సైప్రస్ కర్ర కనిపిస్తుంది. పై పలక కోసం పెరుగుదల వలయాలు ముఖానికి లంబంగా నిలిచేలా దుంగను చీల్చి, వరసగా కోసిన రెండు రేకుల అంచులను చారలు ఒకదానికొకటి ప్రతిబింబాలయ్యేటట్టు కలిపి అతికిస్తారు. ఆ జంట పలకను చిత్రిక పట్టి రెండు, రెండున్నర మిల్లీమీటర్ల మందానికి తెస్తారు. ఎక్కడ ఎంత పలచన చేయాలన్నది కొలతబద్ద కన్నా వేలితో తట్టి, రెండు చేతులా వంచి చూసి నిర్ణయించే విషయం గనకనే, ఒకే నమూనాలో చేసిన రెండు గిటార్లు ఒకేలా పలకవు.

స్పానిష్ పద్ధతికి గుర్తుపట్టదగిన లక్షణం మెడ కలిసే తీరు. వయొలిన్‌లో పెట్టెను పూర్తిచేసి మెడను తరవాత బిగిస్తారు. ఇక్కడ మెడ మొదలునే చీలికలు చేసి పక్క పలకలను అందులోకి దించి, సొలేరా అనే కొద్దిగా గుంటపడిన పని బల్ల మీద పై పలకను బోర్లా ఉంచి, మెడతో సహా మొత్తం వాద్యాన్ని ఒకే అంగంగా కడతారు. పై పలకా పక్క పలకా కలిసే మూల పొడవునా గోరంత చెక్క ముక్కలను ఒక్కొక్కటిగా చర్మపు బంకతో అతికిస్తారు. పశువుల చర్మం ఉడికించి తీసే ఈ బంక వేడికీ తడికీ కరుగుతుంది. నూరేళ్ల తరవాత కూడా మరమ్మతుకు వాద్యాన్ని కర్ర విరగకుండా విప్పగలగడం దీని వల్లనే సాధ్యం. పైపూతగా లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పొర మీద పొరగా రుద్దుతారు. ఫ్రెంచ్ పాలిష్ అనే ఈ పూతకు ముడిసరుకు ఎక్కువగా భారతదేశపు అడవుల్లో లక్క పురుగులు కొమ్మల మీద స్రవించే జిగురే. పూత ఎంతో పలచన కావడంతో పలక కంపనానికి అడ్డు రాదు, కాకపోతే చెమటకూ గీతలకూ తట్టుకోలేదు.

వీణ వాయించేవారికి ఒక తేడా వెంటనే తెలుస్తుంది. వీణ తంత్రులు గుర్రం మీదుగా సాగి నాగపాశానికి తగులుకొని ఉంటాయి, కాబట్టి గుర్రం మీద పడేది ప్రధానంగా కిందికి నొక్కే బరువు. గిటార్‌లో గుర్రాన్ని పై పలకకే అతికించి తంత్రులను దానికే ముడివేస్తారు. శ్రుతి చేసిన ఆరు నైలాన్ తంత్రుల లాగుడు సుమారు 40 కిలోల బలంతో ఆ పలచని రేకును రేయింబవళ్లు మెలిపెడుతూనే ఉంటుంది. గుర్రం వెనక పలక ఉబ్బడం, ముందు కుంగడం, మెడ నెమ్మదిగా పైకి లేవడం ఇందువల్ల కలిగేవే. మూడు వందల ఏళ్ల వయొలిన్ నేటికీ కచేరీ వేదిక మీద నిలబడుతుండగా నూరేళ్ల గిటార్ అలా నిలబడటం విశేషం అనిపించుకోవడానికి మూలకారణం ఈ నిర్మాణంలోనే ఉంది.

టోర్రెస్

ఆధునిక క్లాసికల్ గిటార్ రూపురేఖలు స్థిరపడింది ఆంటోనియో దె టోర్రెస్ హురాదో (1817–1892) చేతుల్లో. దక్షిణ స్పెయిన్‌లోని అల్మెరియా ప్రాంతంలో పుట్టి, వడ్రంగం నేర్చి, సెవియాలో గిటార్ నిర్మాతగా స్థిరపడిన ఈయనను ఆ వృత్తిలో ప్రోత్సహించినవారిలో వాద్యకారుడు హూలియన్ ఆర్కాస్ ముఖ్యుడు. 1858లో సెవియా ప్రదర్శనలో టోర్రెస్ గిటార్‌కు కంచు పతకం వచ్చింది. ఇంత పేరు వచ్చినా వృత్తి కడుపు నింపలేదు. 1870 ప్రాంతంలో సెవియా విడిచి అల్మెరియా చేరి పింగాణీ సామాన్ల దుకాణం పెట్టుకున్నాడు. 1875లో మళ్లీ గిటార్లు చేయడం మొదలుపెట్టి, లేబుళ్ల మీద ‘రెండవ దశ’ అని స్పానిష్‌లో ముద్రించి వరస సంఖ్య వేశాడు. ఆయన వాద్యాలను నేటికీ తొలి దశ, మలి దశ అని రెండుగా విభజించడానికి ఆధారం ఇదే.

టోర్రెస్ కనిపెట్టాడని చెప్పేవాటిలో చాలావరకు ఆయనకు ముందే ఉన్నవి. పై పలక లోపలివైపు పలచని కర్ర పట్టీలను విసనకర్ర ఈనెల్లా అమర్చే ఫ్యాన్ బ్రేసింగ్ 18వ శతాబ్దిలోనే కాదిస్ నిర్మాతలు వాడినదే. ఆయన చేసిన పని విడివిడి అంశాలను ఒక నిష్పత్తిలోకి తేవడం. పెట్టెను వెడల్పు చేశాడు, పై పలకను పలచన చేసి కొంచెం గుమ్మటంగా వంచాడు, ఏడు పట్టీల విసనకర్రను ఆ పలక విస్తీర్ణానికి తగ్గట్టు పరిచాడు, రెండు చివర్ల ఎముక పట్టీల మధ్య తంత్రి మోగే నిడివిని 650 మిల్లీమీటర్ల దగ్గర నిలిపాడు. ఆ నిడివే నేటికీ ప్రమాణం. ఇంత పెద్దదైనా ఆయన గిటార్ ఒకటిన్నర కిలోకు లోపే తూగుతుంది. చేతికి తీసుకున్నవారికి మొదట తోచేది దాని తేలికదనమే.

పై పలకే నాదానికి ప్రాణమన్న తన నమ్మకాన్ని నిరూపించడానికి 1862లో ఆయన వెనక, పక్క భాగాలను కాగితపు అట్టతో చేసి, స్ప్రూస్ పై పలక బిగించిన గిటార్ నేడు బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. వాయించే స్థితిలో లేదు గాని, వాద్య నిర్మాణ చరిత్రలో ఇంత సూటి ప్రయోగం మరొకటి చూపడం కష్టం. 1856 నాటి ‘లా లెయోనా’, 1864లో చేయగా 1869లో ఫ్రాన్సిస్కో తార్రెగా కొనుక్కొని తన సంగీతానికి ఆధారం చేసుకున్న గిటార్ టోర్రెస్ వాద్యాల్లో మిక్కిలి ప్రసిద్ధమైనవి. ఆయన రహస్యం బొటనవేలి, చూపుడువేలి కొసల స్పర్శలో ఉందని స్వయంగా చెప్పినట్టు ఒక కథ ప్రచారంలో ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా, ఆయన కొలతలన్నీ ముద్రితమై అందరికీ అందుబాటులో ఉన్నా ఆ నాదం మాత్రం నకలు చేసినవారందరికీ దక్కలేదు. స్వయంగా గిటార్ నిర్మాత అయిన హోసె రొమానియోస్ 1987లో టోర్రెస్ జీవితం, వాద్యాలపై వెలువరించిన గ్రంథం ఈ రంగంలో ప్రామాణికం. సేకర్తలు టోర్రెస్ గిటార్లను రొమానియోస్ ఇచ్చిన సంకేత సంఖ్యలతోనే గుర్తిస్తారు.

మాడ్రిడ్, మ్యూనిక్, బార్సిలోనా

టోర్రెస్ బాటను మాడ్రిడ్‌లో ముందుకు తీసుకుపోయింది రామిరెస్ కుటుంబం. అన్న హోసె రామిరెస్ 1882లో స్థాపించిన కార్యశాల నేటికీ నడుస్తోంది. అయితే అన్నతో విడిపోయి వేరు కార్యశాల పెట్టిన తమ్ముడు మానుయెల్ రామిరెస్ (1864–1916) దగ్గరే సాంతోస్ హెర్నాందెస్, దొమింగో ఎస్తెసో తయారయ్యారు. 1912లో మానుయెల్ కార్యశాల నుంచి యువకుడైన ఆంద్రెస్ సెగోవియాకు అందిన గిటార్ ఆయనతో పాతికేళ్లపాటు ఖండాలు తిరిగింది. కచేరీకి అద్దెకు గిటార్ కావాలని వెళ్లిన తన వాయింపు విని మానుయెల్ దానిని ఉచితంగా ఇచ్చేశాడని సెగోవియా తన ఆత్మకథలో రాసుకున్నాడు. లేబుల్ మానుయెల్‌దే అయినా దానిని చెక్కిన చేతులు సాంతోస్‌వి అన్నది ఎక్కువమంది అంగీకరించే మాట. యజమాని లేబుల్ కింద పనివాడి ప్రతిభ మరుగుపడే ఈ తీరు ఇక్కడితో ఆగలేదు. మానుయెల్ మరణించాక కొన్నేళ్లు కార్యశాల వాద్యాలు ఆయన ‘వితంతువు’ పేరిట వెలువడ్డాయి. 1960ల నాటి మూడవ హోసె రామిరెస్ మొదటి తరగతి గిటార్లలోనైతే లోపల పనివారి గుర్తులు ముద్రవేసి ఉంటాయి, సేకర్తలు ఆ గుర్తును బట్టి కూడా ఎంపిక చేసుకుంటారు.

1924లో మ్యూనిక్‌లో సెగోవియా కచేరీకి వచ్చిన హెర్మన్ హౌసర్ (1882–1952) అప్పటికి జర్మన్ పద్ధతి గిటార్లూ జిథర్లూ చేసే నిర్మాత. సెగోవియా వాద్యాన్ని చేతిలోకి తీసుకొని కొలిచి, ఏళ్ల తరబడి నమూనాలు చేసి పంపి, 1937లో ఇచ్చిన గిటార్‌ను ఆ మహావాద్యకారుడు తన యుగపు అత్యుత్తమ గిటార్‌గా కీర్తించి 1962 దాకా వాయించాడు. స్పానిష్ వాద్యపు పొగరును తగ్గించి, ప్రతి స్వరాన్నీ విడివిడిగా, స్పష్టంగా వినిపించే జర్మన్ నిగ్రహాన్ని తెచ్చిపెట్టిన హౌసర్ నాదం అందరికీ ఒకేలా రుచించదు. మాడ్రిడ్ గిటార్ల వెచ్చదనానికి అలవాటుపడిన చెవికి అది కొంత చలువగా తోచవచ్చు. సెగోవియా వాయించిన ఈ రెండు గిటార్లూ, 1912 నాటిదీ 1937 నాటిదీ, 1986లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి చేరాయి.

రెండవ ప్రపంచ యుద్ధం తరవాత తంత్రులే మారాయి. గొర్రెల పేగుతో చేసే తంత్రులు యుద్ధకాలంలో శస్త్రచికిత్స కుట్లకు తరలిపోవడంతో కరవు వచ్చి, న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టీన్ సెగోవియా ప్రోత్సాహంతో 1940ల చివర నైలాన్ తంత్రులను ప్రవేశపెట్టాడు. కాబట్టి అంతకు ముందటి ప్రతి గిటార్ పేగు తంత్రుల కోసం పుట్టినదే. దానికి నేటి గట్టి లాగుడు నైలాన్ తగిలించడం పై పలకకు కీడు.

ఆ తరవాతి తరంలో వయొలిన్ కుటుంబపు వాద్యాల నుంచి గిటార్ వైపు మళ్లిన బార్సిలోనా నిర్మాత ఇగ్నాసియో ఫ్లేతా (1897–1977), వృత్తిరీత్యా చిత్రకారుడైన పారిస్‌వాసి రొబేర్ బూషే (1898–1986), మాడ్రిడ్‌లో మార్సెలో బర్బెరో, జపాన్‌లో మసారు కోనో ముఖ్యులు. మూడవ హోసె రామిరెస్ 1960ల నడుమ స్ప్రూస్ స్థానంలో పశ్చిమ అమెరికా రెడ్ సీడర్‌ను పై పలకకు వాడి, తంత్రి నిడివిని 664 మిల్లీమీటర్లకు పెంచి, పెద్ద సభాభవనాలను నింపే గంభీర నాదాన్ని సాధించాడు. చిన్న చేతులకు ఆ నిడివి శిక్షే. ఇంగ్లండ్‌లో వాద్యకారుడు జూలియన్ బ్రీమ్ తన ఇంటి ఆవరణలో చోటిచ్చి ప్రోత్సహించిన రొమానియోస్ 1973లో చేసిన గిటార్ ఆ తరపు చివరి గొప్ప వాద్యాల్లో ఒకటి. 1980ల నుంచి ఆస్ట్రేలియా నిర్మాత గ్రెగ్ స్మాల్‌మన్ అల్లికలా పరిచిన పట్టీలతో, మరింత పలచని పలకతో తెచ్చిన బిగ్గర నాదం వేరే సంప్రదాయానికి నాంది.

వయసూ నాదమూ

పాతబడిన కొద్దీ గిటార్ మెరుగుపడుతుందన్న నమ్మకంలో సగమే నిజం. కర్రలో తేమను పట్టే అంశాలు దశాబ్దాల మీద క్షీణించి, జిగురు గట్టిపడి, పలక తేలికై, కంపనాన్ని తక్కువగా మింగుతుంది. స్ప్రూస్ విషయంలో ఈ మార్పును చాలామంది వాద్యకారులు స్పష్టంగా గుర్తిస్తారు. సీడర్ మొదటి రోజు నుంచే విప్పారిన నాదాన్ని ఇస్తుంది గనక దాని ఎదుగుదల తక్కువ. ఇంకొకవైపు అదే కాలంలో లాగుడుకు పలక అలసిపోతుంది, పట్టీలు ఊడతాయి, నాదం డొల్ల అవుతుంది. రోజ్‌వుడ్ రకాన్ని బట్టి నాదం పూర్తిగా మారిపోతుందన్న ప్రచారం మరింత సందేహాస్పదం. వెనక, పక్క పలకల కర్ర తప్ప అన్నీ ఒకేలా చేయించిన ఆరు ఇనుప తంత్రుల గిటార్లను 52 మంది వాద్యకారులకు అవేమిటో తెలియనివ్వకుండా ఇచ్చి ఇంగ్లండ్ పరిశోధకులు 2018లో ప్రకటించిన పరీక్షలో, ఖరీదైన కర్రకూ చవక కర్రకూ వారు చెప్పుకోదగిన భేదం చూపలేకపోయారు. వాద్యం వేరైనా, టోర్రెస్ అట్ట గిటార్ ఎప్పుడో చెప్పిన సంగతికి ఇది దగ్గరగానే ఉంది.

పరిశీలన

పాత గిటార్‌ను పరీక్షించేవారు మొదట చూసేది లేబుల్‌ను కాదు, లోపలి పనిని. తంత్రులు వదులుచేసి, సన్నని దీపాన్నీ పళ్ల వైద్యులు వాడే చిన్న అద్దాన్నీ నాదరంధ్రంలోంచి లోపలికి దించితే, పట్టీల కొసలు ఎలా చెక్కారో, అంచు ముక్కలు ఎంత దగ్గరగా అతికారో, చిత్రిక పళ్ల గీతలు వదిలేశారో నునుపు చేశారో కనిపిస్తుంది. ఈ అలవాట్లు నిర్మాత చేతిరాత వంటివి; లేబుల్‌ను అచ్చు వేయించి అతికించవచ్చు గాని వీటిని అనుకరించడం సులభం కాదు. టోర్రెస్ పేరిట దొంగ లేబుళ్లు చాలా కాలంగా తిరుగుతున్నాయి. అతినీలలోహిత కాంతి పెడితే పాత లక్క నారింజ రంగులో మెరుస్తుంది, తరవాత పూసిన కృత్రిమ వార్నిష్ వేరే రంగు చూపి పట్టుబడుతుంది. పై పలక చారల వెడల్పులను పట్టి చూసే వృక్షవలయ కాలనిర్ణయం మరో ఆధారం: పలకలో కడపటి వలయం 1880 నాటిదని తేలితే అది 1870లో చేసిన గిటార్ కాజాలదు. ఈ పద్ధతి అబద్ధాన్ని పట్టగలదే గాని నిర్మాత పేరు చెప్పలేదు.

స్థితి విషయంలో కొత్తవారు భయపడేదానికీ భయపడవలసినదానికీ పొంతన ఉండదు. కర్ర చారల వెంట వచ్చిన పగులును శుభ్రంగా అతికించి, లోపల అడ్డంగా చిన్న చెక్క ముక్కలు దన్ను పెట్టి ఉంటే అది పెద్ద లోపం కాదు. నూరేళ్ల వాద్యంలో పగుళ్లు లేకపోతేనే అనుమానించాలి. అరిగిన మెట్లు మార్చడం, ఎముక పట్టీలు మార్చడం సాధారణ పోషణ కిందికే వస్తాయి. బిరడాలు మారితే సేకర్తకు కొంత నష్టం, వాద్యకారుడికి ఏమీ కాదు. అసలు పూతను గీకి కొత్త పూత వేయించడం మాత్రం వెలను బాగా తెగ్గోస్తుంది. అన్నిటికన్నా చెడ్డది ఆ పనిలో పై పలకను సాన పట్టడం, ఎందుకంటే పోయిన అర మిల్లీమీటరును ఏ నిపుణుడూ తిరిగి పెట్టలేడు, నిర్మాత వేలికొసలతో తూచిన మందం దానితోనే పోయింది. ఇక మెడ. తంత్రి 12వ మెట్టు దగ్గర సన్నదానికి మూడు, లావుదానికి నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున ఉండటం వాడుక. అంతకు మించి లేచి ఉండి, గుర్రం మీది ఎముక పట్టీని ఇంకా అరగదీసే వీలు లేకపోతే, స్పానిష్ పద్ధతి మెడను సరిచేయడం ఖరీదైన శస్త్రచికిత్సే. వాయించడానికే కొనేవారికి మహానిర్మాత పేరుండి పలక సాన పట్టిన గిటార్ కన్నా, 1960, 70ల నాటి అంతగా పేరులేని నిర్మాతది, ఎవరూ చేయిపెట్టనిది మేలు.

పోషణ

ఈ వాద్యాలకు అనువైన గాలి తేమ 45 నుంచి 55 శాతం. విశాఖపట్నం గాలిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంతకు చాలా మించి తేమ ఉంటుంది, హైదరాబాదు వేసవి మధ్యాహ్నాల్లో ఇందులో సగానికి పడిపోతుంది. తేమలో పలక ఉబ్బి, చర్మపు బంక మెత్తబడి గుర్రం ఊడవచ్చు. అయినా దానికి మందుంది. ఎండుదనం పలకను చీలుస్తుంది, అది మరింత ప్రమాదం. రాత్రంతా ఏసీ నడిచే గదిలో గిటార్‌ను గోడకు వేలాడదీయడం, మూసిన కారులో వదిలేయడం రెండూ చేయరాని పనులు. పెట్టెలో ఉంచి, తేమను కొలిచే చవక పరికరం ఒకటి అందులో పెట్టుకుంటే చాలు.

కలపా చట్టమూ

1960ల దాకా ఉత్తమ గిటార్ల వెనక పలకలకు వాడిన బ్రెజిల్ రోజ్‌వుడ్ అడవుల నరికివేతతో అరుదై, ఆ దశాబ్దం చివర బ్రెజిల్ దుంగల ఎగుమతిని కట్టడి చేయడంతో నిర్మాతలు భారతీయ రోజ్‌వుడ్ వైపు మళ్లారు. తెలుగునాట ఇరుగుడు, జిట్టేగి అనే పేర్లతో తెలిసిన చెట్టు ఇదే. దక్షిణ భారతపు అడవుల నుంచి వెళ్లిన ఈ కర్ర గత అర్ధశతాబ్దపు క్లాసికల్ గిటార్లలో అత్యధిక భాగానికి వెన్నుగా నిలిచింది. వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో చేర్చింది. 2017లో ఆ ప్రజాతిలోని తక్కిన రోజ్‌వుడ్‌లన్నీ రెండవ అనుబంధంలోకి వచ్చినా, తయారైన వాద్యాలకు 2019లో మినహాయింపు లభించింది. ఆ మినహాయింపు బ్రెజిల్ కర్రకు వర్తించదు. కాబట్టి 1992కు ముందే తయారైనదని ధ్రువీకరించే పత్రం లేకుండా బ్రెజిల్ రోజ్‌వుడ్ గిటార్‌ను దేశం దాటిస్తే కస్టమ్స్ అధికారులు స్వాధీనం చేసుకోవచ్చు. పాత స్పానిష్ గిటార్‌ను విదేశంలో కొని ఇంటికి తెచ్చుకోదలచినవారు అందులో ఉన్నది ఏ కర్రో రాతపూర్వకంగా రాయించుకొని, ఆ పత్రం చేతికందాకే డబ్బు చెల్లించాలి.